ఉప్పు దారి చివర గోవా: బీచ్ వెనుక మనం చూడని చరిత్ర



డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరపడితే చాలు, మన పిల్లల నోట వినిపించే మాట "గోవా". తలా ఇంత వేసుకుని డబ్బు కూడబెడతారు, రైలు టికెట్లు చూస్తారు, ఇంట్లో ఎలా ఒప్పించాలో ఒకరికొకరు నేర్పుకుంటారు. వెళ్ళొచ్చాక ఫోన్లలో ఫోటోలు నింపుకుని వస్తారు. ఫోటోల్లో సముద్రం, ఇసుక, సాయంత్రపు సూర్యుడు, నల్ల కళ్ళద్దాలు. వెళ్ళవద్దని మేము ఎన్నడూ అనలేదు. సముద్రం చూడాలన్న కోరిక తప్పు కాదు. అయితే ఆ ఫోటోలను కాస్త పరీక్షగా చూడండి. చాలావాటిలో వెనుక ఎక్కడో ఒక మూల ఒకావిడ కనిపిస్తుంది. చేతి మీద అద్దాల సంచులు, పట్టీలు, పూసల దండలు వేలాడుతుంటాయి. ఆమె నడక, ఆమె కట్టు చూస్తే మన తాండాలో నాయనమ్మ గుర్తుకొస్తుంది.

కట్టంగూర్‌లో మా హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక అమ్మాయి రెండేళ్ళ క్రితం స్నేహితులతో గోవా వెళ్ళింది. తిరిగి వచ్చాక మమ్మల్ని చూడటానికి వచ్చి, చాలాసేపు కూర్చుని, చివరికి ఒక సంగతి చెప్పింది. బీచ్‌లో ఒక పెద్దావిడ పట్టీలు అమ్ముతూ వీళ్ళ దగ్గరికి వచ్చిందట. స్నేహితుల్లో ఒకరు "జిప్సీలు వచ్చారు, బేరం గట్టిగా ఆడాలి" అని నవ్వారట. ఆ పెద్దావిడ పక్కనున్న మరొకామెతో గోర్‌బోలిలో ఏదో అన్నది. మన అమ్మాయికి ప్రతి మాటా అర్థమైంది. "తెలియనట్టు తల తిప్పుకున్నాను మేడం. మర్నాడు పొద్దున ఒక్కదాన్నే వెతుక్కుంటూ వెళ్ళాను. యాడీ అని పిలిచాను. ఆమె బుట్ట కింద పెట్టి మొదట అడిగింది మీదే గోత్రం అని. రాథోడా, పవారా, చవాణా, వడ్త్యానా అని. డబ్బు ఇస్తే తీసుకోలేదు" అని చెప్పి ఏడ్చింది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె తిరిగి వెళ్ళింది, అది చాలు. కానీ మొదటి రోజు ఆమె తల ఎందుకు తిప్పుకున్నట్టు? ఆ పెద్దావిడ అక్కడ ఎందుకు ఉన్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. బడిలో మేమూ చెప్పలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

మన ఊరి ముందు నుంచే సముద్రానికి దారి

కట్టంగూర్ బస్టాండులో నిలబడితే కళ్ళ ముందు కనిపించే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పుణె దగ్గర మొదలై, హైదరాబాద్ మీదుగా, మన ఊరు, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండకు ఓడరేవు. గోల్కొండ నుంచి రేవుకు పోయే పాత బాట కూడా ఈ దిక్కుగానే సాగేది. బియ్యం, పప్పులు, పత్తి ఇటు నుంచి అటు, ఉప్పు అటు నుంచి ఇటు నడిచేవి. నడిపించింది ఎవరు? మన పూర్వీకులే.

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే తన యాత్రా గ్రంథంలో బంజారాల ఎడ్ల బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో 10 వేలు, 12 వేల ఎడ్లు కూడా ఉండేవని, అవి ఇరుకు దారిలో ఎదురైతే మొత్తం దాటిపోయేదాకా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదని చెప్పాడు. వీరిలో ధాన్యం మోసేవారు, బియ్యం మోసేవారు, పప్పులు మోసేవారు, ఉప్పు మోసేవారు అని నాలుగు వర్గాలున్నాయని కూడా రాశాడు. పెళ్ళాం, పిల్లలు, గుడారాలు అన్నీ బిడారుతోనే. ఇల్లంటే దారే.

ఆ వ్యాపారాన్నే మన పెద్దలు "లదేణి" అంటారు. ఎద్దు వీపు మీద రెండు వైపులా గోనెలు వేసి, బండి లేకుండా, బాట సరిగా లేని అడవిలో, కొండలో కూడా సరుకు దాటించడం లదేణి ప్రత్యేకత. అప్పట్లో వానాకాలం బురదలో బండి చక్రం కూరుకుపోయే చోట ఎద్దు నడిచిపోయేది. దారి పొడవునా గడ్డి మేసేది కాబట్టి మేత ఖర్చు కూడా తక్కువ. అందుకే చౌక సరుకైన ఉప్పును కూడా వందల మైళ్ళు మోసి అమ్మితే గిట్టుబాటయ్యేది. దక్కను పీఠభూమి మధ్యలో ఉన్న పల్లెకు ఉప్పు పుట్టే చోటు దగ్గరలో లేదు. సముద్రపు ఉప్పు మన ఎడ్ల వీపు మీదే వాళ్ళ కూటికి చేరింది.

మన పేరులోనే ఆ సంగతి ఉందని కొందరు పండితులు చెబుతారు. లవణం అనే మాట నుంచి లమాణి, లంబాణి, లంబాడి అనే పేర్లు వచ్చాయని వారి అభిప్రాయం. బంజారా అనే పేరుకు వ్యాపారం అన్న అర్థం నుంచీ, అడవిలో తిరిగేవారు అన్న అర్థం నుంచీ వేరే వివరణలు కూడా ఉన్నాయి. ఏది సరైనదైనా, ఉప్పుతో మన బంధం మాత్రం చరిత్రకెక్కిన సంగతి.

ఇంకొక సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండవచ్చు. నాయనమ్మ పెట్టె తెరిచి పాత కాచళి, ఫేటియా తీసి చూడండి. అంచుల్లో కుట్టిన గవ్వలు కనిపిస్తాయి. గవ్వ మన చెరువుల్లో దొరకదు, మన వాగుల్లో దొరకదు. అది సముద్రంలో పుడుతుంది. ఒకప్పుడు మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి, మన దేశంలో చాలాచోట్ల చిల్లర డబ్బుగా కూడా చెలామణి అయింది. సముద్రం ఎన్నడూ చూడని తాండా ఆడపడుచు కూడా సముద్రాన్ని ఒంటి మీద వేసుకుని తిరిగింది.

పడమటి సముద్రం, గోవా ఉప్పు

తూర్పున మచిలీపట్నం ఎలాగో, పడమర కొంకణ తీరం అలాగ. అక్కడే గోవా ఉంది. వైశాల్యం 3,702 చదరపు కిలోమీటర్లు. మన పాత నల్గొండ జిల్లాలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఒకవైపు అరేబియా సముద్రం, మరోవైపు సహ్యాద్రి కొండలు. కొండల పైన ఉన్న కర్ణాటక, మహారాష్ట్ర మెట్ట ప్రాంతాల నుంచి కిందికి దిగే దారులను ఘాట్లు అంటారు. చోర్లా ఘాట్, రామ్ ఘాట్, అన్‌మోడ్ ఘాట్ వంటివి వాటిలో కొన్ని.

గోవా నదులు సముద్రంలో కలిసే చోట పోటుకు ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఆ నీటిని మళ్ళలో పట్టి, ఎండలో ఆరబెట్టి ఉప్పు తీస్తారు. ఆ మళ్ళను అక్కడ "అగర్" అంటారు. కొంకణి, మరాఠీ భాషల్లో ఉప్పు పేరు "మీఠ్". అందుకే ఉప్పు పండించే గావడాలను మీఠ్ గావడాలని పిలుస్తారు. చలికాలం చివర నుంచి వానలు పడేలోపే పని ముగియాలి. మండే ఎండలో, ఉప్పునీటిలో, ఉత్త కాళ్ళతో చేసే పని అది. అగర్‌వాడో, అర్పోరా, రిబందర్ వంటి ఊళ్ళు ఆ ఉప్పుకు పేరుపడ్డాయి. అర్పోరా అంటే ఈనాడు మన పిల్లలు రాత్రి బజారు చూడటానికి వెళ్ళే చోటే.

ఘాట్ల మీది నుంచి బియ్యం, ధాన్యం మోసుకుని ఎడ్ల బిడారులు గోవాకు దిగేవి. తిరుగు ప్రయాణంలో ఉప్పు, కొబ్బరి, ఎండు చేపలు ఎత్తుకుని కొండెక్కేవి. అంటే గోవా ఆదివాసి చేతిలో పుట్టిన ఉప్పు, లమాణి ఎద్దు వీపెక్కి, దక్కను పల్లెకు చేరేది. ఈ రెండు జాతుల మధ్య ఆనాడే ఒక బంధం ఉంది. మనం ఈనాడు బీచ్‌లో చూసే పరిచయం కొత్తది కాదు.

1878లో ఒక సంతకం

గోవాను పోర్చుగీసువారు 1510లో ఆక్రమించారు. మిగతా దేశంలో చాలా భాగం తరువాత ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి ఉప్పు మీద పన్ను పెద్ద రాబడి. గోవా ఉప్పు చౌకగా ఘాట్లెక్కి వస్తే ఆ రాబడికి గండి పడుతుంది. అందుకే 1878 డిసెంబరులో ఇంగ్లీషువారు పోర్చుగీసువారితో ఒక ఒప్పందం చేసుకున్నారు. 1880 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం గోవాలో ఉప్పు తయారీ మీద, అమ్మకం మీద అదుపు ఇంగ్లీషువారికి దక్కింది. బదులుగా పోర్చుగీసు ప్రభుత్వానికి ఏటా 4 లక్షల రూపాయలు ముట్టాయి. ఎంత ఉప్పు పండించాలో, ఎవరికి అమ్మాలో పైవాళ్ళే నిర్ణయించారు. 1892లో ఒప్పందం ముగిసేనాటికి ఎన్నో ఉప్పు మళ్ళు పాడుబడ్డాయి. ఎంతోమంది ఉప్పు రైతులు, కూలీలు బతుకుదెరువు పోగొట్టుకున్నారు.

అదే ఒప్పందంలో భాగంగా మొర్ముగావ్ రేవు నుంచి ఘాట్ల మీదికి రైలు మార్గం కూడా వేశారు. 1880లలో అది కాజిల్ రాక్ చేరింది. ఇటు తూర్పున నిజాం రైల్వే 1889 నాటికి బెజవాడ చేరింది. నెల రోజులు ఎద్దు మోసిన బరువును రైలు ఒక్క రోజులో మోసింది. దేశమంతటా ఉప్పు సర్కారు గోదాముల్లోకి, సరుకు రైలు పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. లదేణి ఆగిపోయింది.

ఎద్దు ఆగితే తాండా ఆగింది. ఎక్కడ ఆగిందో అక్కడే, అడవి అంచున, రాళ్ళ గుట్టల పక్కన, ఎవరికీ అక్కరలేని నేలలో గుడిసెలు వేసుకున్నాం. మన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో చాలా తాండాలు ఊరికి దూరంగా, నీళ్ళు లేని చోట ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా. పైగా 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఒకటి. సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన ఆ చట్టం కింద చాలా ప్రాంతాల్లో మనవారి పేరు కూడా చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు, 1952 ఆగస్టు 31న గానీ ఆ చట్టం రద్దు కాలేదు. రాజుల సైన్యాలకు తిండి మోసినవాడు రెండు తరాల్లో అనుమానితుడయ్యాడు.

ఉప్పు పండించినవాడు, ఉప్పు మోసినవాడు ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే కారణంతో దెబ్బతిన్నారు. గోవా చరిత్రను మనం ఇక్కడి నుంచి చదవాలి.

గోవా నేల మీద మొదటివారు

గోవా అనగానే చర్చిలు, పోర్చుగీసు ఇళ్ళు చూపిస్తారు. అవీ చూడదగ్గవే. కానీ వాటికంటే చాలా ముందు నుంచి అక్కడ ఉన్నవారు గావడా, కుణ్బి, వెలిప్ ఆదివాసులు. 2011 జనాభా లెక్కల్లో గోవా జనంలో షెడ్యూల్డ్ తెగలవారు సుమారు 10 శాతం.

వారి పూర్వీకుల చేతి పని రెండు రకాలుగా కనబడుతుంది. ఒకటి "ఖాజన్" భూములు. నది పోటు తగిలే బురద నేలకు మట్టి కట్టలు కట్టి, చెక్క తలుపుల తూములు పెట్టి, ఉప్పునీటిని అదుపు చేసి వరి పండించే పద్ధతి ఇది. పోటు వచ్చినప్పుడు నీటి తోపుడుకే తలుపు మూసుకుంటుంది, ఆటు వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. అదే నీటిలో చేప, రొయ్య కూడా పట్టుకుంటారు. ఇప్పటికీ గోవాలో సుమారు 18 వేల హెక్టార్ల ఖాజన్ నేల ఉందని అంచనా. విమానం దిగి బీచ్‌కు పోయే దారిలో పచ్చగా కనిపించే ఆ పొలాలు సహజంగా ఏర్పడినవి కావు. తరతరాల కట్టల కూలి అది. గోవాలోనే పుట్టిన చరిత్రకారుడు డి.డి. కోశాంబి అక్కడి గ్రామ సమాజాల మీద ప్రత్యేకంగా పరిశోధన చేశాడు. ఊరి భూమిని ఉమ్మడిగా సాగు చేసుకునే "గావ్‌కారి" పద్ధతి ఎంత పాతదంటే, పోర్చుగీసువారు 1526లో ఆ ఆచారాలను కాగితం మీద రాసుకోవలసి వచ్చింది.

రెండోది సంగ్వెం తాలూకాలో ఉస్‌గళిమళ్ దగ్గర, కుశావతి నది ఒడ్డున ఉంది. అక్కడ ఎర్రటి జేగురు రాతి పరుపు మీద వందకు పైగా బొమ్మలు చెక్కి ఉన్నాయి. మూపురం ఉన్న ఎద్దులు, జింకలు, నెమలి, మనుషులు, గుండ్రంగా తిరిగే ఒక చిక్కుదారి. 1990లలో గానీ బయటి పండితులకు తెలియలేదు. ఊరివారికి ముందే తెలుసు. బీచ్ నుంచి కొన్ని గంటల ప్రయాణం, అంతే. మన పిల్లల్లో ఒక్కరు కూడా అక్కడికి వెళ్ళొచ్చినట్టు మేము వినలేదు.

పుష్య మాసపు రాత్రుల్లో గోవా పల్లెల్లో ఆడవాళ్ళు "మాండ్" అనే పవిత్రమైన వాకిట్లో చేరి, రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి పాడుతూ ఆడతారు. దాన్ని ధాలో అంటారు. వారం పైగా రాత్రులు సాగుతుంది. ఇది చదువుతుంటే మన తీజ్ గుర్తుకు రావడం లేదా? బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ పెళ్ళికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు పాడుకునే పండుగ మనది. వేరే నేల, వేరే భాష. ఆడవాళ్ళు తమ పాటను తామే కాపాడుకున్న తీరు మాత్రం ఒకటే.

కుణ్బి ఆడవాళ్ళు కట్టే ఎర్ర గళ్ళ నూలు చీర పొలం పనికి వీలుగా మోకాలి వరకే ఉంటుంది. భుజం మీద ముడి వేసి కడతారు. ఒకనాడు కూలి చీర అని చిన్నచూపు చూసిన దానినే గోవా ఫ్యాషన్ కళాకారుడు వెండెల్ రోడ్రిక్స్ మళ్ళీ నేయించి వేదికల మీదికి ఎక్కించారు. చీరకు మర్యాద వచ్చింది. కట్టినవారికి ఎంత వచ్చింది అన్నది మనం అడగవలసిన ప్రశ్న. మన అద్దాల కుట్టుకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

మతం విషయంలోనూ వాళ్ళు చాలా చూశారు. పోర్చుగీసు కాలంలో గావడాల్లో చాలామంది క్రైస్తవులయ్యారు. 1928లో శుద్ధి ఉద్యమంలో వారిలో కొందరు తిరిగి హిందువులయ్యారు, వారిని నవ హిందూ గావడాలన్నారు. అలా ఒకే జాతి మూడు పేర్లతో విడిపోయింది. అయినా హక్కుల దగ్గర మళ్ళీ కలిశారు. 1961 డిసెంబరు 19న గోవా విముక్తమైంది, 1987 మే 30న రాష్ట్రమైంది. కానీ గావడా, కుణ్బి, వెలిప్‌లను షెడ్యూల్డ్ తెగలుగా గుర్తించింది 2003లోనే. ఆ గుర్తింపు కూడా కాగితం మీదే ఉండిపోయిందని 2011 మే 25న బాళ్ళీ దగ్గర రోడ్డు మీదికి వచ్చారు. ఆ రోజు గొడవల్లో ఒక భవనానికి నిప్పు పెట్టగా మంగేశ్ గావ్‌కర్, దిలీప్ వెలిప్ అనే ఇద్దరు యువకులు చనిపోయారు. ఏటా ఆ తేదీన గోవా ఆదివాసులు వారిని తలుచుకుంటారు. 40 స్థానాల గోవా శాసనసభలో 2022 ఎన్నికల వరకు షెడ్యూల్డ్ తెగలకు ఒక్క రిజర్వుడు స్థానం కూడా లేదు. ఆ దారి తెరిచే బిల్లును పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. హక్కు ఎంత ఆలస్యంగా, ఎంత ఖరీదుకు వస్తుందో మన తాండాలకు వేరే చెప్పనక్కరలేదు.

మన యాడి అక్కడికి ఎలా చేరింది

1960ల చివర నుంచి విదేశీ హిప్పీలు గోవా తీరానికి వచ్చి మకాం వేశారు. అంజునాలో తమ దగ్గరున్న వస్తువులు అమ్ముకోవడానికి బజారు పెట్టుకున్నారు. అదే తరువాత బుధవారం సంతగా పేరు పొందింది. అద్దాలు, గవ్వలు, రంగు దారాల కుట్టు వారికి ఎంతగానో నచ్చింది. కరువు ప్రాంతాలైన ఉత్తర కర్ణాటక తాండాల నుంచి లమాణి కుటుంబాలు కూలి పనికి గోవా దిగాయి. మగవాళ్ళు రోడ్ల పనికి, ఇళ్ళ కట్టుబడికి పోతే, ఆడవాళ్ళు బుట్ట పట్టుకుని బీచ్‌కు నడిచారు. మొదట్లో కొందరు తమ పాత ఫేటియాలనే విప్పి ముక్కలుగా అమ్ముకున్నారు. అమ్మమ్మ నెలల తరబడి కుట్టింది అలా దిండు గలీబుగా విదేశాలకు పోయింది.

గోవాలో బయటి నుంచి వచ్చిన కూలీలను చిన్నచూపుగా "ఘాటి" అని పిలవడం ఉంది. అంటే ఘాట్ల మీది నుంచి దిగినవాడని. ఆ ఘాట్ల దారిని కాళ్ళతో కొట్టి మెత్తన చేసింది వాళ్ళ పూర్వీకుల ఎడ్లే. ఆ మాటను తిట్టుగా వాడేవాళ్ళకు అది తెలియదు. మనకు తెలియాలి.

పర్యాటక ప్రదేశాల రక్షణ కోసం గోవా 2001లో ఒక చట్టం చేసింది. బీచ్‌లో అనుమతి లేకుండా తిరిగి అమ్మడం దాని కింద తప్పు. బీచ్ శుభ్రంగా ఉండాలి, పర్యాటకులను విసిగించకూడదు అన్న మాటలో న్యాయం ఉంది. కానీ బుట్టతో నడిచే మనిషికి కూర్చుని అమ్ముకునే చోటు చూపకుండా జరిమానా మాత్రమే చూపిస్తే ఆమె ఎక్కడికి పోతుంది?

కాగితాల సంగతి ఇంకా చిత్రం. తెలంగాణలో మనం 1976 చట్టంతో షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో మనవారే షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. గోవా షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేరు, షెడ్యూల్డ్ కులాల జాబితాలోనూ లేరు. ఒకే గోత్రం, ఒకే భాష, ఒకే సేవాభాయా. ఘాట్ దిగితే పేరు మారుతుంది. మా హాస్టల్లో పరుపు మీద పడుకుని చదువుకునే పిల్లకూ, బీచ్‌లో బుట్టతో తిరిగే అదే వయసు పిల్లకూ మధ్య తేడా తెలివిలో లేదు. ఆ కాగితంలో ఉంది. దీన్ని మరిచిపోకండి.

మంచి కబురు కూడా ఒకటి ఉంది. బళ్ళారి ప్రాంతంలోని సండూరు లంబాణి కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చి పదేళ్ళు దాటింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణి మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. చోటు, పేరు, ధర దొరికితే మన చేతి పని ఎక్కడ నిలబడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గోవాలో మనవారు కష్టంలో ఉన్నారు కదా అని, ఆ నేల మొదటివారి గోడును తక్కువ చేయకూడదు. హోటళ్ళు, గనులు, ఇళ్ళ స్థలాల కోసం వారి పొలాలు, కొండలు తరిగిపోతున్నాయి. బయటివారు పెరిగేకొద్దీ వారికి భయం ఉండటం సహజం. మన రాష్ట్రంలోనూ ఆదివాసి సోదరులకూ మనకూ మధ్య జాబితాల గురించి మాటా మాటా పెరిగిన రోజులు చూశాం. పేదవారు ఇద్దరు కలహించుకుంటే లాభం ఎవరికో ఉప్పు ఒప్పందమే చెబుతోంది. ఆనాడు సంతకం పెట్టిన ఇద్దరూ ఉప్పు పండించినవారు కారు, మోసినవారు కారు.

ఈసారి వెళ్ళేటప్పుడు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, గోవా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కొన్ని పనులు చేయండి.

సికింద్రాబాద్ నుంచి వాస్కో పోయే రైలు ఎక్కితే పగటి పూట కిటికీ పక్కన కూర్చోండి. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్లు దాటాక బళ్ళారి, హొసపేట, గదగ్ వస్తాయి. అదంతా మన తాండాల నేల. కాజిల్ రాక్ దాటాక దూద్‌సాగర్ జలపాతం దగ్గర అందరూ ఫోన్లు తీస్తారు. మీరూ తీయండి. తీస్తూ, ఇంత నిటారు కొండను ఉప్పు గోనెలతో ఎడ్లు ఎలా ఎక్కాయో ఒక్కసారి ఆలోచించండి.

ఒక పూట బీచ్ మాని ఉస్‌గళిమళ్ వెళ్ళండి. బొమ్మల మీద చెప్పులతో నడవకండి, సుద్దతో గీతలు గీయకండి. బెనోలిం బీచ్ దగ్గర గోవా చిత్ర అనే మ్యూజియం ఉంది, పాత నాగళ్ళు, బండ్లు, పనిముట్లు అక్కడ చూడవచ్చు. మాఘం, ఫాల్గుణంలో వెళ్తే ఉప్పు మళ్ళ దగ్గర ఆగండి. అక్కడి ఉప్పు ఒక పొట్లం కొని ఇంటికి తెండి. ధాలో ఆడే వాకిట్లోకి మాత్రం అడగకుండా వెళ్ళవద్దు, అడగకుండా వీడియో తీయవద్దు. మన తీజ్ బుట్టల దగ్గరికి ఎవరో వచ్చి అలా చేస్తే మనకెలా ఉంటుంది?

బీచ్‌లో బుట్టతో ఒక యాడి ఎదురైతే గోర్‌బోలిలో పలకరించండి. మీ గోత్రం చెప్పండి. కొన్నా కొనకపోయినా, పక్కన మీ స్నేహితులుంటే "ఈమె మా మనిషి" అని వారికి చెప్పండి. ఆ ఒక్క మాటకు డబ్బు ఖర్చు కాదు. కాస్త ధైర్యం కావాలి, అంతే.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇంట్లోనే ఉంది. మీ తాండాలో 80 ఏళ్ళు దాటిన తాతలు, నాయనమ్మలు కొందరే మిగిలారు. లదేణి గురించి వాళ్ళ తాతలు చెప్పిన మాటలు వాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. ఏ దారిన పోయేవారు, ఎక్కడ ఎడ్లకు నీళ్ళు పెట్టేవారు, ఉప్పు ఏ సంతలో దించేవారు అని అడగండి. ఫోన్లో రికార్డు చేయండి, తేదీ, తాండా పేరు రాసి పెట్టండి. పెట్టెలో పాత కాచళి ఉంటే ఎవరికీ అమ్మకండి. దాని మీది గవ్వలను ఫోటో తీయండి. వచ్చే ఏడాది సంచికకు అవే వ్యాసాలవుతాయి.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి. ఆ పెద్దావిడ డబ్బు తీసుకోకుండా ఇచ్చిన పట్టీ జత మా హాస్టల్‌కు తెచ్చి చూపించింది. పూసల మధ్య రెండు చిన్న గవ్వలున్నాయి. చిన్న తరగతి పిల్లలు చుట్టూ చేరి "ఇవి ఎక్కడివక్కా" అని అడిగారు. ఆమె ఈసారి తల తిప్పుకోలేదు. మచిలీపట్నం నుంచి మొదలుపెట్టి, కట్టంగూర్ రోడ్డు మీదుగా, గోవా దాకా వాళ్ళకు చెప్పుకుంటూ పోయింది.

జై సేవాలాల్! జై గోర్!